జలశక్తికి గాదె కట్టిన మహాశిల్పి: సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

ఉన్ననాడు దాచుకొని లేనినాడు వాడుకొనుట గృహస్థధర్మము. కోతల కాలమున గాదె నింపుకొననివాడు శ్రావణ భాద్రపదములలో పొరుగింటి వాకిట నిలువవలసివచ్చునని మన పల్లెలలో ప్రతి యిల్లాలికిని తెలియును. ధాన్యమునకు గాదెయు, నీటికి చెఱువును మన పూర్వులు కల్పించి యిచ్చిరి. శక్తికి మాత్రము గాదె లేకపోయెను. గాలి వీచునప్పుడే వీచును. ఎండ కాయునప్పుడే కాయును. నది వానకాలమున పొంగి వేసవిలో సన్నగిల్లును. యంత్రమునకో, రాత్రింబవళ్లు, అన్ని ఋతువులలోను, ఒక్కతీరుగా శక్తి కావలెను. ప్రకృతి యిచ్చు కాలమునకును, మనుష్యుడు కోరు కాలమునకును గల యీ యంతరమును పూడ్చుట యెట్లు? ఈ యిరువదియొకటవ శతాబ్దమున లోకములోని యింజనీర్లు తలపట్టుకొని యాలోచించుచున్న ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్నకు పేరైనను పెట్టబడని దినములలో దక్షిణదేశమున నొక తెలుగింటి బిడ్డ తమ యాయుష్యములో నధికభాగము దీని సమాధానమునకే వెచ్చించిరి. ఆ మహనీయులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పేరు విననివారు మనలో లేరు. వారిని దివానుగా నెఱిగినవారు కొందఱు. ఆనకట్టల నిర్మాతగా నెఱిగినవారు కొందఱు. పరిశ్రమల ప్రోత్సాహకులుగా నెఱిగినవారు మఱికొందఱు. వారి పనులు పెక్కు విధములుగా కనుపించినను, ముఖ్యమైనవాని వెనుక నొక్క తలంపు సూత్రమువలె సాగియున్నది. సమృద్ధిగా వచ్చినదానిని పోనీయక నిలువచేసి, కొఱత పడిన నాడు కొలిచి యిచ్చుటయే యా తలంపు. దాని ననుసరించి వారి జీవితమును స్మరించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

వారి పూర్వుల నివాసము నేటి ఆంధ్రప్రదేశమున గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము. ములకనాటి బ్రాహ్మణ కుటుంబము. కొన్ని తరములకు పూర్వము మైసూరు సీమకు వలసపోయి, అచ్చట స్థిరపడినను, ఊరి పేరును ఇంటి పేరుగా నిలుపుకొని, ఇంటిలో తెలుగుభాషను విడువక వచ్చిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. 1861 సెప్టెంబరు 15వ తేదీని చిక్కబళ్లాపురమునకు సమీపమున నున్న ముద్దెనహళ్లి గ్రామమున విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. బాల్యముననే పితృవియోగము సంభవించెను. ఇంట కలిమి లేదు. బెంగుళూరున మేనమామగారి యండ చూచుకొని, కొడగు దేశస్థుడైన యొక యుద్యోగి యింట పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చినదానితో సెంట్రల్ కాలేజీలో చదివి, 1881లో బి.ఏ. పరీక్షయందు కృతార్థులైరి.

అంతటితో నా చదువు నిలిచిపోయియున్నచో, ఏ కచ్చేరిలోనో యొక గుమాస్తా కొలువు దొరికియుండెడిది. మైసూరు ప్రభుత్వము వారి ప్రతిభను గుర్తించి విద్యార్థివేతన మొసగి పూనా సైన్సు కళాశాలకు పంపెను. 1883లో ఇంజనీరింగు పరీక్షయందు వారు ప్రథములుగా నుత్తీర్ణులైరి. మఱుసటి సంవత్సరముననే బొంబాయి ప్రభుత్వమువారు నాసిక్ మండలమున సహాయ ఇంజనీరుగా నియమించిరి. ఒక బీద విద్యార్థికి సకాలమున నందిన ధనసహాయము తరువాత నెన్ని లక్షల యెకరములను తడిపెనో, ఎన్ని దీపములను వెలిగించెనో చదువరులు ముందు చూడగలరు.

బొంబాయి కొలువున నున్న యిరువదినాలుగేండ్లలో వారు పనిచేయని ప్రాంతము తక్కువ. ఖాందేశమున నదికి అడ్డముగా గొట్టపుమార్గము వేసి నీటిని దాటించిరి. సింధుదేశమున సక్కరు పట్టణమునకు నీరందించునపుడు, వడపోత తొట్లకు ధనము చాలకుండగా, సింధునది యిసుకచేతనే యా బురదనీటిని వడగట్టించిరి. 1899 ప్రాంతమున పూనా సమీపమందలి నీరా కాలువ క్రింద సేద్యపు పద్ధతినే మార్చిరి. అంతకు ముందు కాలువ తలాపున నున్న రైతులు చెఱకు వేసి నీరంతయు లాగుకొనుచుండ, దిగువవారు ఆకాశము వంక చూచుచుండిరి. విశ్వేశ్వరయ్యగారు భూమిని ఖండములుగా విభజించి, పైరులను వంతులుగా మార్చి, అదే నీటిని ఎక్కువ గ్రామములకు పంచు నేర్పాటు చేసిరి. తలాపువారు మొదట కినుక వహించినను, క్రమముగా నా పద్ధతి నిలదొక్కుకొనెను.

ఆ తరువాతిది వారికి దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చిన పని. పూనాకు నీరిచ్చు ఖడక్‌వాస్లా జలాశయమునకు అలుగు గలదు. ఏటేట వానకాలమున జలాశయము నిండి, మిగిలిన నీరు అలుగుమీదుగా పొర్లి వ్యర్థముగా పోవుచుండెను. వేసవి వచ్చుసరికి నీటి కటకట. అలుగు నెత్తు పెంచిన నీరు నిలుచును గాని, పెద్ద వరద వచ్చినపుడు అదనపు నీరు పోవు త్రోవ లేక కట్టకే గండి పడును. అలుగు తగ్గించిన కట్టకు క్షేమము, పైరుకు క్షామము. ఈ చిక్కును విడదీయుటకై వారు అలుగుమీద నమర్చదగిన యినుప తలుపులను కల్పించిరి. ఆ తలుపులను ఎదురు బరువులతో త్రాసువలె తూచి నిలిపిరి. నీరు హద్దు వఱకు ఉన్నంతసేపు తలుపులు మూసికొనియుండును. హద్దు మీరగనే ఆ నీటి బలమే వానిని తెఱచును. వరద తీయగనే తమంతట తామే మూతపడును. అర్ధరాత్రి వరద వచ్చినను తలుపెత్తుటకు మనిషి పరుగెత్తనక్కఱలేదు. 1903లో వీనిని స్థాపింపగా, కట్టను పెంచకయే సుమారు ఎనిమిది అడుగుల నీరు అదనముగా నిలిచెను. ఈ కల్పనకు వారు పేటెంటు పొందిరి. అయినను ప్రభుత్వోద్యోగిగా కొలువులో నుండి కల్పించినదానికి తాము ప్రతిఫలము పొందుట తగదని ఆ ధనమును గ్రహింపరైరి. గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టకును, తరువాత కావేరిపై కృష్ణరాజసాగరమునకును ఇట్టి తలుపులే అమర్పబడినవి.

పరదేశ ప్రభుత్వమున నెంత ప్రతిభ యున్నను భారతీయునకు ప్రధాన ఇంజనీరు పదవి సులభముగా లభించు కాలము కాదది. పూర్తి పింఛనునకు కావలసిన కాలము నిండక పూర్వమే, 1908లో వారు కొలువు విడిచి పాశ్చాత్యదేశముల సంచారమునకు బయలుదేరిరి. వారు విదేశముననుండగా మన హైదరాబాదునకు మహావిపత్తు వాటిల్లెను. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. ఎగువ ప్రాంతమున రెండు వందలకు పైగా చెఱువులు తెగి, ఒకదాని నీరు మఱియొకదానిపై పడి, ఆ యుప్పెన యంతయు నిదురించుచున్న నగరముపై విఱుచుకొనిపడెను. సుమారు పదునైదు వేలమంది ప్రాణములు కోల్పోయిరని యంచనా. నిజాము ప్రభుత్వము వారిని తంతిద్వారా ఆహ్వానించగా, వారు తమ పర్యటనము ముగించుకొని 1909లో హైదరాబాదు చేరిరి.

నగరమును కాపాడవలెనన్న నదికి ఇరుదరుల ఎత్తైన గోడలు కట్టినచో చాలునని సామాన్యులకు తోచును. వారికట్లు తోపలేదు. వర్షపాతపు లెక్కలు తీసి, వరద ప్రమాణము గణించి, నగరమునకు ఎగువన మూసీపైని, ఈసీపైని రెండు పెద్ద జలాశయములు కట్టవలెనని వారు నిర్ణయించిరి. వరద వచ్చినపుడు ఆ నీటిని అచ్చట పట్టి యుంచి, నగరము భరింపగలిగినంత మాత్రమే క్రిందికి విడుచుట వారి యెత్తు. చంపవచ్చిన నీటిని బంధించి త్రాగునీటిగా మార్చుట దానిలోని విశేషము. వారి ప్రణాళిక ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. పెక్కేండ్లు హైదరాబాదువాసులు త్రాగిన నీరు ఆ వరదనుండి నిలువచేసినదే.

ఇంతవఱకు వారు నిలువచేసినది నీరు. ఇక శక్తిని నిలువచేయు సందర్భము మైసూరున వచ్చెను. దివాను శేషాద్రి అయ్యరుగారి దూరదృష్టిచే కావేరి జలపాతమైన శివసముద్రమున విద్యుత్కేంద్ర మేర్పడి, 1902లో అచ్చటినుండి 92 మైళ్ల దూరమున నున్న కోలారు బంగారు గనులకు విద్యుచ్ఛక్తి పంపబడెను. ఆ కాలమున నంత దూరము విద్యుత్తు పోవుట లోకమునకే వింత. 1905లో బెంగుళూరు వీధులును ఆ శక్తితో వెలిగినవి. అయితే ఒక లోపము మిగిలెను. శివసముద్రమున నీటికి నిలువ లేదు; ఏఱు తెచ్చినంతయే యంత్రముల పాలు. వానకాలమున యంత్రములు మ్రింగలేనంత నీరు దూకిపోవును. వేసవిలో ఏఱు చిక్కగా యంత్రములు డస్సిపోవును. భూమి లోపల వేల అడుగుల లోతున పనిచేయు గనివారికి వేసవియని శక్తి తగ్గించిన జరుగునా? గాలి పంపు యంత్రము, నీరు తోడు యంత్రము, మనుష్యులను పైకి తెచ్చు యంత్రము నిలువరాదు గదా.

విద్యుత్తునకు గల స్వభావ మొక్కటి యిచ్చట చెప్పవలెను. పుట్టిన క్షణముననే యది ఖర్చు కావలెను; బస్తాలలో కట్టి దాచుటకు వీలులేదు. సీసపు పలకల బ్యాటరీలు నాటికే యున్నను, ఒక గని కంతటికిని నెలల తరబడి చాలునంత శక్తి వానిలో నిమిడెడిది కాదు. కాని విద్యుత్తును పుట్టించు నీటిని ఎగువన నిలుపగలిగినచో, ఆ నీటిలో శక్తి నిద్రించుచుండును. తూము తెఱచిన నాడు మేల్కొనును. కావున జలాశయమే విద్యుచ్ఛక్తికి గాదె. 1909 నవంబరులో మైసూరు రాజ్యమునకు ప్రధాన ఇంజనీరుగా వచ్చిన విశ్వేశ్వరయ్యగారు ఈ సత్యమును ప్రభుత్వమున కెఱుకపఱచి, మైసూరు నగరమునకు సమీపమున కన్నంబాడి గ్రామమువద్ద కావేరికి అడ్డముగా మహాజలాశయము కట్టవలెనని ప్రతిపాదించిరి. నిలువనీరు శివసముద్రపు యంత్రములను వేసవిలో త్రిప్పుటయు, మండ్య ప్రాంతపు మెట్టభూములను తడుపుటయు దాని రెండు ప్రయోజనములు. అదే స్థలమున ఆనకట్ట నిర్మించు సంకల్పమును దెలుపు 1794 నాటి టిప్పుసుల్తాను శాసనము తరువాత నచ్చట దొరికినది.

ఖర్చు చూచి కోశాధికారులు వెనుకాడిరి. ఇంత నీటికి, ఇంత శక్తికి గిరాకి యుండునా యని సందేహించినవారును కలరు. విశ్వేశ్వరయ్యగారు నిరుత్సాహము చెందియున్న సమయమున మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరుగారు వారి మనస్సు నెఱిగి, లెక్కలు తిరిగి పరిశీలింపజేసి, 1911లో అనుమతి నిచ్చిరి.

రాజుగారి యనుమతి లభించినను చెన్నపట్టణ ప్రభుత్వమువారి యాక్షేపణ మిగిలెను. కావేరి దిగువన తంజావూరు రైతుల హక్కు కలదు; అది తోసివేయదగినది కాదు. మైసూరువారు కోరినది 4,150 కోట్ల ఘనపుటడుగుల నిలువ. తాత్కాలికముగా లభించిన యనుమతి 1,100 కోట్లకు మాత్రమే. ఇచ్చట వారి గుండె దిటవు బయటపడెను. చిన్న ఆనకట్టకు చిన్న పునాది చాలును. కాని నేడు చిన్న పునాది వేసినచో రేపు తీర్పు అనుకూలమైనను గట్టు నెత్తుట అసాధ్యము. వారు పెద్ద ఆనకట్టకు తగిన పునాదినే త్రవ్వించిరి. పూర్ణానుమతి రాకపోయినచో ఆ యధికవ్యయమంతయు మట్టిలో కలిసినట్లే. నింద యంతయు వారిదే. ఆ బాధ్యతను తలపై వేసికొని పని సాగించిరి.

సిమెంటు లేకయే, సున్నమును ఇటుకపొడియును కలిపిన గచ్చుతో ఱాతికట్టడము లేచెను. వేలకొలది కూలీలు మలేరియా జ్వరములకు లోనగుచు పనిచేసిరి. కన్నంబాడి గ్రామస్థులు తాతలనాటి యిండ్లు విడిచి క్రొత్త యూరికి తరలవలసివచ్చెను; ప్రాచీనమైన వేణుగోపాలస్వామి యాలయము నీట మునిగెను. ఒకరి దీపమునకు మఱియొకరి యిల్లు చెల్లు కట్టిన దీ నిలువనీరు. ఆ ఋణమును మఱువరాదు. 1915 వానకాలము లోపల గట్టు కొంత యెత్తునకు రాకున్నచో గనులవారి కొప్పుకొన్న శక్తి నందించుట పొసగదు. నది పొంగు భయము ఒకవంక, గడువు భయము మఱియొకవంక. నాటికి దివానుగా నున్న విశ్వేశ్వరయ్యగారు పలుమాఱులు పనిచోటికి పోయి ఇంజనీర్లకు ధైర్యము చెప్పిరి. గడువు లోపలనే గట్టు నిర్ణీతమైన యెత్తు నందుకొనెను.

వారు దివాను పదవి నలంకరించినది 1912లో. ఆ పదవి స్వీకరించుటకు ముందు బంధువులను పిలిచి, తమవారికై సిఫారసు చేయుమని ఎవ్వరును అడుగరాదని మాట పుచ్చుకొనిరని వారి చరిత్రకారులు వ్రాసిరి. బంధువర్గములు కూడి చదువుకొను నిట్టి సంచికలో ఈ సంగతి ప్రత్యేకముగా స్మరింపదగినది. 1913లో మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును వారి హయామున వెలసినవి. 1915లో సర్ బిరుదము లభించెను. వెనుకబడిన వర్గములకు సర్కారు కొలువులలో స్థానములు ప్రత్యేకించు విషయమున మహారాజునకును వారికిని అభిప్రాయభేదము కలిగి, 1918 చివర పదవి విడిచిరి. యోగ్యతయే ప్రమాణమని వారి వాదము. అవకాశమే లేనివానికి యోగ్యత యెట్లు కలుగునని ఎదుటివారి వాదము. ఆ రెండవ వాదమునకును బలము కలదని తరువాతి కాలము నిరూపించినది. మహనీయుల జీవితములను వ్రాయునపుడు ఇట్టి సంగతులను కప్పిపుచ్చుట ధర్మము కాదు.

వారు పదవి విడిచినను కన్నంబాడి పని ఆగలేదు. 1914లో మధ్యవర్తి యొసగిన తీర్పు మైసూరునకు అనుకూలమైనను, వివాదము సాగి సాగి 1924లో రెండు ప్రభుత్వములకును ఒడంబడిక కుదిరెను. పూర్ణప్రమాణపు జలాశయమునకు అనుమతి లభించెను. పదమూడేండ్ల క్రిందట భూగర్భమున వేసిన వెడల్పాటి పునాది అప్పుడు సార్థకమయ్యెను. పునాది చిన్నదైయున్నచో ఆ యొడంబడిక కాగితముమీదనే యుండిపోయెడిది. 1931 నాటికి కృష్ణరాజసాగరము ముగిసి, దాదాపు 4,900 కోట్ల ఘనపుటడుగుల నీటిని నిలుపగలిగినదయ్యెను. మండ్య మెట్టసీమలో కాలువ పాఱి చెఱకు పండెను. 1933లో అచ్చట చక్కెర కర్మాగారము వెలసెను. తొలుత ఇర్విను కాలువ యని పేరుగన్న యా కాలువను తరువాత విశ్వేశ్వరయ్య కాలువ యనిరి.

విశ్రాంతి యను మాట వారి కోశమున లేదు. 1923లో భద్రావతి ఇనుప కర్మాగారపు అధ్యక్షతను స్వీకరించి, నష్టములో నున్న దానిని నిలువబెట్టిరి. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థను గూర్చి గ్రంథము ప్రకటించిరి. 1937 ప్రాంతమున ఒరిస్సా వరదల విషయమై గాంధీమహాత్ముని కోరికపై సలహా లిచ్చినపుడు కూడ మహానదిపై జలాశయములు కట్టుమనియే చెప్పిరి. తొంబదేండ్లు దాటిన పిమ్మటను బీహారులో గంగపై వంతెన కట్టవలసిన స్థలమును నిర్ణయించుటకు స్వయముగా పోయి చూచిరి. 1955లో భారతరత్న బిరుదముతో దేశము వారిని గౌరవించెను. 1962 ఏప్రిలులో, నూఱేండ్లు నిండిన పిమ్మట, బెంగుళూరున దేహయాత్ర చాలించిరి. పుట్టిన ముద్దెనహళ్లియందే వారికి అంత్యక్రియలు జరిగినవి. వారి జన్మదినమును భారతదేశము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది.

నేడు సూర్యరశ్మినుండియు, గాలినుండియు విద్యుత్తు పుట్టించుచున్నాము. మధ్యాహ్నము మిగిలిన శక్తిని రాత్రికి దాచుట యెట్లన్న ప్రశ్న మరల మన ముందుకు వచ్చినది. దానికి గల సమాధానములలో నొకటి, మిగులు శక్తితో దిగువ నీటిని ఎగువ జలాశయమునకు ఎక్కించి, అవసరమైనపుడు క్రిందికి విడిచి తిరిగి విద్యుత్తు పొందుట. కృష్ణానదిపై నాగార్జునసాగరమునను, శ్రీశైలము ఎడమగట్టునను ఇట్లు రెండువైపుల తిరుగు యంత్రములను స్థాపించిరి. శ్రీశైలమున నట్టివి 150 మెగావాట్ల యంత్రములు ఆఱు. కన్నంబాడి నీరు ఒక్కమాఱే దిగును. శ్రీశైలపు నీరు దిగి మరల ఎక్కును. యంత్రము క్రొత్తదైనను తలంపు నాటిదే.

సోదరులారా, ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసినది యొక్కటి. పునాది నేటి యనుమతిని చూచి వేయరాదు; రేపటి యవసరమును చూచి వేయవలెను. మైసూరు ప్రభుత్వము ఒక తండ్రి లేని బిడ్డకు విద్యార్థివేతన మిచ్చినపుడు వేసిన పునాదియు నట్టిదే. కలిగిననాడు వ్యయమై పోవు ధనము అలుగుమీద పొర్లిపోవు నీటివంటిది. దానిలో కొంత నిలిపి, చదువు దప్పికగొన్న బిడ్డలకు తూము తెఱచినవారు విశ్వేశ్వరయ్యగారి మార్గమున నడిచినవారే యగుదురు. అట్టి దాతలును, అట్టి విద్యార్థులును మనలో వృద్ధి పొందుదురు గాక.